వచ్చిన పని అయిందా? ప్రభుత్వ వెబ్‌సైటుపై సందర్శకుల సంతృప్తిని కొలిచే పద్ధతి

మన జిల్లా, శాఖా వెబ్‌సైట్లు చాలావాటి అడుగున సందర్శకుల సంఖ్య ఒకటి తిరుగుతూ ఉంటుంది. సమీక్షా సమావేశాలలో దానినే ప్రజాదరణకు రుజువుగా చూపడం పరిపాటి. ఓటీపీ రాక ఒకే పేజీని పదేపదే తెరిచిన మనిషి వల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది కనుక, సంతృప్తిని కొలవదలచిన అధికారి దానిని పక్కన పెట్టి పని మొదలుపెట్టడం మంచిది.

మొదట, వెబ్‌సైటుకు జనం ఏ పనుల మీద వస్తున్నారో తేల్చుకోవాలి. ఇందుకు సర్వే అక్కరలేదు. సైటులోని వెతుకులాట పెట్టెలో ఒక నెలపాటు ఏయే మాటలు టైపు చేశారో ఆ చిట్టా తెప్పించుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. మెనూలో ‘భూ రికార్డుల సేవలు’ అని ఉన్నచోట జనం ‘అడంగల్’, ‘పహాణీ’, ‘వన్ బీ’, ‘ఈసీ’ అని వెతుకుతారు, అదీ చాలాసార్లు ఇంగ్లిషు అక్షరాలలో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు. ఏ ఫలితమూ రాని వెతుకులాటల పట్టికను విడిగా తీయించి చదవండి. అసంతృప్తి ఎక్కడ మొదలవుతోందో సగం అక్కడే బయటపడుతుంది.

తరువాత ప్రశ్నలు. నాలుగు చాలు. మీరు ఏ పని మీద వచ్చారు? ఆ పని పూర్తయిందా? ఈ వెబ్‌సైటు వాడకం మీకు ఎంతవరకు సంతృప్తినిచ్చింది? ఎక్కడైనా ఆగిపోతే, ఎక్కడ? మూడవ ప్రశ్నకు ‘చాలా అసంతృప్తి’ నుంచి ‘చాలా సంతృప్తి’ వరకు ఐదు మెట్లు ఇవ్వాలి. నాలుగవదానికి ఖాళీ పెట్టె ఇచ్చి, తెలుగులో మాట్లాడి నింపే వీలు కూడా కల్పిస్తే జవాబులు పెరుగుతాయి. ‘మా సేవలు మీకు నచ్చాయా?’ అన్న మర్యాదపూర్వకమైన ప్రశ్నను మాత్రం దయచేసి తీసేయండి. సర్కారు అడుగుతుంటే నచ్చలేదని చెప్పడానికి, ముఖ్యంగా దరఖాస్తు ఇంకా ఆఫీసులోనే ఉన్నప్పుడు, ఎవరికీ నోరు రాదు. ఆధార్ నంబరు, ఫోను నంబరు ఈ సర్వేలో అడగకూడదనడానికీ మొదటి కారణం ఇదే; 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రెండవ కారణం.

ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు తిరస్కరణకు గురైనవారు వెబ్‌సైటు ఎంత బాగా పనిచేసినా అట్టడుగు మెట్టే ఎంచుకుంటారు, పత్రం చేతికి వచ్చినవారు సైటు మూడుసార్లు ఆగిపోయినా క్షమిస్తారు. అందువల్ల దరఖాస్తు సమర్పించగానే రసీదు నంబరు కనిపించే పేజీలో ఒకసారి, నిర్ణయం వెలువడ్డాక మరొకసారి విడివిడిగా అడగాలి. మొదటిది వెబ్‌సైటు మీద తీర్పు, రెండవది కార్యాలయం మీద తీర్పు. సైటు తెరవగానే ఫోను తెర మొత్తాన్ని కప్పేసే సర్వే ఈ రెండింటిలో దేనినీ కొలవదు. మధ్యలో వదిలేసి వెళ్లినవారు రసీదు పేజీ దాకా రారు కాబట్టి, దరఖాస్తు మొదలుపెట్టినవారిలో ఎందరు పూర్తి చేశారు, ఏ పేజీలో ఎక్కువమంది జారిపోయారు అన్న లెక్కను సర్వర్ నుంచి తీసి సర్వే పక్కన పెట్టుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వం కూడా తన ఆన్‌లైన్ సేవల విషయంలో సంతృప్తిని ఒంటరిగా చూడక, పూర్తి చేసినవారి శాతం, ఒక్కో లావాదేవీకి అయ్యే ఖర్చు, ఆన్‌లైన్‌లో వాడేవారి వాటా అనే మూడింటితో కలిపి చూసే పద్ధతి పెట్టుకుంది.

మార్కుల లెక్క తేలికే. ఐదు మెట్లకు వరుసగా 0, 25, 50, 75, 100 విలువలిచ్చి సగటు తీయాలి. ఉదాహరణకు 200 జవాబులలో 80 మంది చాలా సంతృప్తి, 60 మంది సంతృప్తి, 20 మంది మధ్యస్థం, 10 మంది అసంతృప్తి, 30 మంది చాలా అసంతృప్తి అన్నారనుకుంటే సగటు 68.75 వస్తుంది. ఆ అంకె ఫరవాలేదనిపిస్తుంది గానీ, అట్టడుగు మెట్టు ఎంచుకున్న 30 మంది అందులో కనబడరు. కాబట్టి నివేదికలో సగటుతో పాటు ఐదు మెట్ల సంఖ్యలనూ ఇవ్వాలి, వాటిని కూడా పనుల వారీగా విడగొట్టాలి. యాదృచ్ఛికంగా ఎంచుకున్న సుమారు 385 మంది జవాబిస్తే 95 శాతం విశ్వాసంతో అటూ ఇటూ 5 శాతం తేడాలో ఫలితం నిలుస్తుందన్నది గణాంక సూత్రం. తమంతట తాము నొక్కి జవాబిచ్చినవారి విషయంలో ఆ భరోసా ఉండదు.

మన రాష్ట్రాలలో మరొక చిక్కుంది. తెర ముందు కూర్చున్నది చాలాసార్లు అసలు దరఖాస్తుదారు కాదు, మీసేవ ఆపరేటరో, నెట్ సెంటరు కుర్రాడో, గ్రామ సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంటో. రోజంతా అదే ఫారం నింపే మనిషికి ఏ బటన్ ఎక్కడ దాగి ఉందో కంఠతా వచ్చి ఉంటుంది; అతని ‘చాలా సంతృప్తి’ మార్కులను, తొలిసారి వచ్చిన రైతు మార్కులతో కలిపేస్తే లెక్క తప్పుతుంది. ‘ఈ ఫారం మీకోసం నింపారా, వేరొకరి కోసమా?’ అన్న ఒక్క ప్రశ్న చేర్చి రెండు వర్గాలనూ వేరు చేయాలి. సొంతంగా ప్రయత్నించి కుదరక కేంద్రానికి వచ్చినవారిని కౌంటరు దగ్గర కాగితం మీద అడిగించాలి.

వీలైతే ఐదారుగురిని కూర్చోబెట్టి, వారి సొంత ఫోనులోనే, ‘ఈ సర్వే నంబరు అడంగల్ తీసి చూపండి’ అని చెప్పి, సాయం చేయకుండా చూడండి. గ్రామం పేర్ల జాబితా ఇంగ్లిషు అక్షర క్రమంలో ఉందని తెలియక పైకీ కిందికీ జరపడం, క్యాప్చాలో సున్నాకూ ‘ఓ’ అక్షరానికీ తేడా పోల్చుకోలేకపోవడం, పీడీఎఫ్ దిగినా ఫోనులో ఎక్కడ చేరిందో దొరకక మళ్లీ మొదటికి రావడం వంటివి ఏ సర్వే పెట్టెలోనూ ఎవరూ రాయరు. చూపులేనివారు స్క్రీన్ రీడరుతో (తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుతో) వాడేటప్పుడు ఒక్కరినైనా గమనించాలి; ప్రభుత్వ వెబ్‌సైట్ల జాతీయ మార్గదర్శకాలు అందరికీ అందుబాటును తప్పనిసరి అంశంగా చూస్తాయి.

మార్పులు చేశాక మళ్లీ కొలిచేటప్పుడు ప్రశ్నల మాటలను గానీ, సర్వే కనిపించే చోటును గానీ మార్చకూడదు. కాలేజీ ప్రవేశాల వేళ కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం ఒత్తిడి పెరిగి సైటు నెమ్మదిస్తుంది కాబట్టి, జూన్ మార్కులను డిసెంబరుతో పోల్చి పడిపోయాయనో పెరిగాయనో రాయకుండా, కిందటి జూన్‌తోనే పోల్చి చూడాలి.