డ్రై స్టౌట్‌ను ట్యాప్‌కి ఎక్కించే ముందు

ముందుగా రెగ్యులేటర్‌ని, అంటే సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడిని తగ్గించే పరికరాన్ని, చూడండి. డ్రై స్టౌట్‌కి (తీపి లేని నల్ల బీరు) వాడే బీర్ గ్యాస్‌లో సుమారు 75% నైట్రోజన్, 25% కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి, ఆ సిలిండర్‌లో ఒత్తిడి మామూలు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కన్నా చాలా ఎక్కువ, కాబట్టి పాత రెగ్యులేటర్‌నే ఏదో అడాప్టర్‌తో బిగించేద్దాం అనుకోవద్దు. అది పగిలితే పోయేది బీరొక్కటే కాదు.

జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. ఈ గ్యాస్‌కి వాసన ఉండదు, మూసిన గదిలో లీకైతే ఊపిరాడదు.

గ్రావిటీ (బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చూపే సాంద్రత) వరుసగా రెండు మూడు రోజులు మారకుండా ఉంటేనే కెగ్‌లోకి, అంటే బీరు పీపాలోకి. తొందరపడితే తీపి మిగిలిపోతుంది, ఇక డ్రై స్టౌట్ అనడం దేనికి?

కార్బనేషన్ (బీరులో కరిగే కార్బన్ డయాక్సైడ్) 1.2 వాల్యూముల దగ్గర, అంటే లీటరు బీరుకి 1.2 లీటర్ల గ్యాస్ దగ్గర, ఆపండి. ఎక్కువైతే గ్లాసు నిండా నురగే.

స్టౌట్ ట్యాప్‌లోని చిల్లుల ప్లేటు విప్పి కడగండి, మడ్డి ఇట్టే అడ్డుపడుతుంది.