పాట తెగిపోతోందా? ఫార్మాట్ మార్చే ముందు ఇవి చూడండి

నాస్ పెట్టెలో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు కలిపిన డిస్కుల పెట్టెలో, దాచుకున్న పాట స్పీకర్లలో మోగాలంటే డిస్కు, మీడియా సర్వర్ (నాస్‌లోని పాటలను పంపే ప్రోగ్రామ్), రూటర్, స్ట్రీమర్ (ఆ పాటను అందుకుని స్పీకర్లకు ఇచ్చే పరికరం) నాలుగూ సరిగా పనిచేయాలి. ఎక్కడ తేడా వచ్చినా చాలామంది మొదట అనుమానించేది పాట ఫైలు ఫార్మాట్‌నే. ఫైళ్లన్నీ మార్చేసి, పెద్ద డిస్కు కొని, మళ్లీ అదే ఇబ్బంది పడతారు. అందుకే ముందు లక్షణాన్ని ఓపికగా గమనించమంటాను.

పాట మధ్యలో తెగుతోంది

చిన్న లెక్క వేద్దాం. సీడీ నాణ్యత అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, రెండు ఛానళ్లు. కుదించకుండా పంపినా సెకనుకు 1,411 కిలోబిట్లే. 192 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో ఫైలుకైనా 9,216 కిలోబిట్లు చాలు. ఆరోగ్యంగా ఉన్న ఏ హార్డ్ డిస్కైనా దీనికి ఎన్నో రెట్ల వేగంతో అందించగలదు. కాబట్టి తప్పు సాధారణంగా వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చుట్టుపక్కల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

పొడవాటి కేబుల్‌తో స్ట్రీమర్‌ను ఒక రోజు రూటర్‌కు కలిపి చూడండి. తెగడం ఆగితే కారణం దొరికినట్టే. కేబుల్‌ను అలాగే ఉంచడం కుదరకపోతే స్ట్రీమర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. నాస్‌ను మాత్రం తప్పక కేబుల్‌తోనే కలపండి. లేకుంటే ప్రతి పాటా గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి.

కేబుల్ వేసినా తెగుతుంటే మీడియా సర్వర్ సెట్టింగుల్లో ట్రాన్స్‌కోడింగ్ చూడండి. స్ట్రీమర్ నేరుగా చదవగలిగే ఫైలును కూడా సర్వర్ మార్చి పంపుతుండవచ్చు. చిన్న ప్రాసెసర్ ఉన్న నాస్‌కు అది మోయలేని బరువు. దాన్ని ఆపేయండి. ఏ పరికరంలో పెట్టినా ఒకే పాట ఒకే చోట తెగితే మాత్రం ఫైలే పాడైంది. ఫ్లాక్ (ధ్వని ఏమాత్రం పోకుండా కుదించే ఫార్మాట్) ఫైలులో అసలు ధ్వనికి చెందిన చెక్‌సమ్, అంటే సరిచూసుకునే సంఖ్య, కూడా భద్రంగా ఉంటుంది కనుక, ఫ్లాక్ ప్రోగ్రామ్‌తో పరీక్షిస్తే విషయం తేలిపోతుంది.

మొదటి పాట మొదలవడానికే చాలా సేపు పడుతోంది

డిస్కు నిద్రపోయింది. మళ్లీ తిరగడానికి కొన్ని సెకన్లు కావాలి. నాస్‌లో ఆ నిద్ర గడువును పెంచండి.

ఒకే ఆల్బమ్ పది ముక్కలుగా కనిపిస్తోంది, లేదా పేర్లే లేవు

పాటకో గాయకుడు ఉన్న ఆల్బమ్‌లకు ఈ కష్టం ఎక్కువ. ఫైలులోనే పాట వివరాలు రాసి ఉండే ట్యాగుల్లో ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే ట్యాగ్ ఖాళీగా ఉంటే సర్వర్ ఒక్కో గాయకుడికి ఒక్కో ఆల్బమ్ సృష్టిస్తుంది. అన్ని పాటలకూ ఆ ట్యాగ్‌లో ఒకే పేరు నింపండి.

పేర్లే లేకపోతే అవి బహుశా వేవ్ (కుదించని ధ్వని) ఫైళ్లు. ధ్వనిలో లోపం లేదు కానీ, వాటి ట్యాగులను అన్ని ప్లేయర్లూ ఒకేలా చదవవు. ఫ్లాక్‌లోకి మార్చండి. ఒక్క బిట్ కూడా పోదు. సంగీతాన్ని బట్టి ఫైలు పరిమాణం సగానికో, మూడింట రెండు వంతులకో తగ్గుతుంది. మీ ఇంట్లో ఉన్నవన్నీ యాపిల్ పరికరాలే అయితే ఆలాక్ (ఫ్లాక్ లాగే నష్టం లేని యాపిల్ ఫార్మాట్) తీసుకోండి. అది 2011 నుంచి ఓపెన్ సోర్స్. ఒకదాని నుంచి మరోదానికి ఎన్నిసార్లు మార్చినా నష్టం లేదు కనుక, ఈ ఎంపిక గురించి నిద్ర మానుకోవలసిన పని లేదు. ఎంపీ3ని మాత్రం ఫ్లాక్‌గా మార్చకండి. ఫైలు పెరుగుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు.

తెలుగు పేర్ల చోట పిచ్చి అక్షరాలు వస్తే ట్యాగ్ ఎన్‌కోడింగ్ తప్పు. ట్యాగ్ ఎడిటర్‌లో యూనికోడ్‌లోకి మార్చి తిరిగి రాయండి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేదని అర్థం. అప్పుడు ట్యాగులు ఎంత దిద్దినా ప్రయోజనం ఉండదు.

స్ట్రీమర్‌కు నాస్ కనిపించడం లేదు

రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా చూడండి. స్ట్రీమర్ గెస్ట్ వైఫైలో ఉంటే అది నాస్‌ను కనుక్కోలేదు. పాత స్ట్రీమర్ అయితే ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షన్ మాత్రమే తెలిసినదై ఉండవచ్చు. కొత్త నాస్‌లలో అది మూసి ఉంటుంది. దాన్ని తెరవకండి. 2017లో వన్నాక్రై వైరస్ వ్యాపించింది అందులోని లోపం గుండానే. బదులుగా నాస్‌లో డీఎల్‌ఎన్‌ఏ సర్వర్ (ఇంటి నెట్‌వర్క్‌లోని పరికరాలకు పాటలు అందించే రకం మీడియా సర్వర్) నడపండి.

డిస్కులు రెండు ఉన్నా పాటలు పోయాయి

ఇది నాకు జరిగింది. ట్యాగులు సర్దుతూ పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేశాను. రెండో డిస్కు మొదటిదానికి అద్దంలా పనిచేస్తుంది కనుక అక్కడా అదే క్షణంలో చెరిగిపోయింది. ఇలా డిస్కులను జతచేసే రెయిడ్ పద్ధతి కాపాడేది డిస్కు చెడిపోయినప్పుడే. మన చేతి తప్పు నుంచి కాదు. సీడీల నుంచి ఆ పాటలన్నీ మళ్లీ ఎక్కించడానికి ఎన్నో సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు నాస్‌తో సంబంధం లేని విడి డిస్కులో నెలకోసారి మొత్తం కాపీ చేసి, దాని నుంచి ఏదో ఒక ఆల్బమ్‌ను కంప్యూటర్‌లో చివరిదాకా విన్నాకే బీరువాలో పెడుతున్నాను.