మెడికేర్ ఖర్చు భరించేలా బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోవడం ఎలా?

అమెరికాలో పిల్లల దగ్గర స్థిరపడిన మన పెద్దవాళ్లలో అధిక బరువుతో, షుగర్‌తో, మోకాళ్ల నొప్పులతో అవస్థ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. డాక్టర్ బేరియాట్రిక్ సర్జరీ మాట ఎత్తగానే ఇంట్లో వాళ్లు ఖర్చు తలచుకుని భయపడిపోతారు. కానీ అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ ఈ ఆపరేషన్‌కి డబ్బు కడుతుంది. 2006లో ఇచ్చిన జాతీయ స్థాయి నిర్ణయంలో ఎవరికి కట్టాలో, దేనికి కట్టాలో స్పష్టంగా రాసి ఉంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఒరిజినల్ మెడికేర్‌లో ఈ ఆపరేషన్‌కి ముందస్తు అప్రూవల్ ఉండదు. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రి బిల్లు పంపుతుంది. దాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పాల్సింది మీ మెడికల్ రికార్డే. కాబట్టి సర్జన్‌ని వెతకడం కంటే ముందు రికార్డు సంగతి చూసుకోవాలి.

1. ముందు మీ కార్డు ఏదో చూడండి

ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉండే కార్డు ఒక్కటే వాడుతుంటే అది ఒరిజినల్ మెడికేర్. అందులో ఆసుపత్రి ఖర్చుకి పార్ట్ ఎ, డాక్టర్ల ఫీజులకి పార్ట్ బి ఉంటాయి. ప్రైవేటు కంపెనీ పేరుతో వేరే కార్డు చూపిస్తుంటే అది మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ అయి ఉండవచ్చు. ఈ ప్లాన్లలో నెట్‌వర్క్ డాక్టర్లు, ముందస్తు అప్రూవల్ మామూలుగా తప్పవు. మెడికెయిడ్ వేరే పథకం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే ఆ పథకంలో నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, కాబట్టి మీ రాష్ట్రం ఆఫీసులోనే అడగాలి.

గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల సంగతి కూడా చెప్పాలి. 65 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డుతో అమెరికాలో వరుసగా అయిదేళ్లు ఉంటే, అక్కడ ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయకపోయినా ప్రీమియం కట్టి మెడికేర్ తీసుకోవచ్చు. 2026లో పార్ట్ ఎ పూర్తి ప్రీమియం నెలకు 565 డాలర్లు, పార్ట్ బి 202.90 డాలర్లు. తేలికైన మొత్తమేమీ కాదు. భర్త గానీ భార్య గానీ అక్కడ పదేళ్లు పనిచేసి ట్యాక్సు కట్టి ఉంటే పార్ట్ ఎ ప్రీమియం కట్టక్కర్లేకపోవచ్చు. ఈ లెక్క సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో తేల్చుకోండి. విజిటర్ ఇన్సూరెన్స్‌తో వచ్చినవాళ్లకు ఈ దారి లేదు. హైదరాబాద్ వెళ్లి ఆపరేషన్ చేయించుకుని బిల్లు పంపితే కూడా మెడికేర్ కట్టదు.

2. షరతులు మూడు

బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 35 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. అధిక బరువుతో ముడిపడిన జబ్బు కనీసం ఒకటి ఉండాలి. మందులు, ఆహార నియమాల లాంటి వైద్యం ముందు ప్రయత్నించి, అది ఫలించలేదని తేలాలి. మూడూ ఉండాల్సిందే. కేవలం లావు తగ్గడానికి అంటే మెడికేర్ ఒప్పుకోదు.

5 అడుగుల 4 అంగుళాల ఎత్తున్న మనిషికి బీఎంఐ 35 అంటే సుమారు 204 పౌండ్లు, అంటే 92 కిలోల పైన. జబ్బుల్లో టైప్ 2 షుగర్‌ని 2009లో మెడికేరే పేరు పెట్టి చేర్చింది. బీపీ, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండె జబ్బు లాంటివాటిని కూడా సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు.

ఇక్కడ మనవాళ్లకు అన్యాయం జరుగుతోందని నా అభిప్రాయం. ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బులు వస్తాయి. అందుకే అమెరికా, అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సంఘాలు 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు, ఆసియా వాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చన్నాయి. మెడికేర్ మాత్రం ఇప్పటికీ అందరికీ ఒకటే 35 అంటోంది. బీఎంఐ 31 ఉండి, షుగర్ ఎంతకీ అదుపులోకి రాని అమ్మకు డాక్టర్ ‘సర్జరీ మేలు చేస్తుంది’ అన్నా మెడికేర్ డబ్బు కట్టదు. ఆ పరిస్థితిలో షుగర్ మందుల గురించి ఎండోక్రినాలజిస్టుతో మాట్లాడటమే నయం.

3. రికార్డు కట్టండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. బరువు తగ్గడానికి మన పెద్దవాళ్లు చేయని ప్రయత్నం ఉండదు. ఏకాదశి ఉపవాసాలు, రాత్రిళ్లు అన్నం మానేసి పుల్కాలు, పొద్దున్నే మెంతుల నీళ్లు, పార్కులో నడక. వీటిలో ఒక్కటీ డాక్టర్ కంప్యూటర్‌లో ఉండదు. రికార్డులో లేనిది జరగనట్టే లెక్క.

పైగా మనవాళ్లకు ఒక అలవాటు. డాక్టర్ ‘ఎలా ఉన్నారు’ అంటే ‘బాగానే ఉన్నానండీ’ అంటారు. పక్కన కూర్చున్న కొడుకో కోడలో దాన్నే ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పేస్తారు. ‘ఇబ్బందులేమీ లేవు’ అని రికార్డులోకి ఎక్కుతుంది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగడం, బాత్రూమ్‌కి వెళ్లాలంటే చెయ్యి పట్టుకోవాల్సి రావడం, ఇవన్నీ నోరు విప్పి చెప్పాలి. పిల్లల ముందు చెప్పడానికి మొహమాటపడితే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఆ సాయం ఉచితంగా ఇవ్వాలి. ఎక్కువగా ఫోన్‌లో గానీ వీడియోలో గానీ మాట్లాడిస్తారు.

రికార్డు పెరగడానికి మెడికేర్ లోనే మంచి మార్గం ఉంది. బీఎంఐ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవాళ్లకు ఫ్యామిలీ డాక్టర్ దగ్గరే బరువు తగ్గించే కౌన్సెలింగ్ ఇస్తారు. ఈ సౌకర్యం 2011 నుంచి ఉంది, పేషెంటు చేతి నుంచి ఏమీ కట్టక్కర్లేదు. మొదటి నెల వారానికోసారి, ఆరో నెల వరకు రెండు వారాలకోసారి వెళ్లాలి. ఆరు నెలల్లో కనీసం 3 కిలోలు తగ్గితే నెలకోసారి చొప్పున ఏడాది వరకు కొనసాగిస్తారు. తగ్గితే సంతోషం. తగ్గకపోతే, మనస్ఫూర్తిగా ప్రయత్నించినా ఫలితం రాలేదని తేదీలతో, బరువులతో సహా డాక్టరే రాసిన రుజువు మీ చేతికి వస్తుంది. మూడో షరతుకి ఇంతకంటే గట్టి కాగితం దొరకదు. షుగర్ ఉన్నవాళ్లకు డైటీషియన్ దగ్గర పోషకాహార సలహా కూడా పార్ట్ బి కింద దొరుకుతుంది. అదీ వాడుకోండి.

ఇండియాలో వాడిన మందుల చీటీలు, పాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టులు తెప్పించి ఫ్యామిలీ డాక్టర్‌కి ఇవ్వండి, రికార్డులో స్కాన్ చేయించండి. గురక ఉంటే స్లీప్ స్టడీ చేయించుకోండి. ఆప్నియా ఉందని ఊహించి చెప్పడం వేరు, పరీక్షలో తేలడం వేరు.

సర్జన్లు మామూలుగా మానసిక ఆరోగ్య పరీక్ష కూడా అడుగుతారు. ‘నాకేమైనా పిచ్చా?’ అని నాన్న కోప్పడవచ్చు. ఆపరేషన్ తర్వాత తిండి అలవాటు పూర్తిగా మారిపోతుంది, ఆ మార్పుకి మనిషి సిద్ధంగా ఉన్నాడా అని చూడటానికే ఈ పరీక్ష అని ముందే నచ్చజెప్పండి.

4. ఏ ఆపరేషన్? ఎక్కడ?

గ్యాస్ట్రిక్ బైపాస్, డ్యూయోడినల్ స్విచ్, లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా) వేసే గ్యాస్ట్రిక్ బ్యాండ్, ఈ మూడూ దేశమంతటా కవర్ అవుతాయి. ఇప్పుడు ఎక్కువగా చేసే స్లీవ్ సర్జరీ (జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసే ఆపరేషన్) సంగతి కాస్త వేరు. 2012 నుంచి లాపరోస్కోపీ స్లీవ్‌కి డబ్బు కట్టాలా వద్దా అన్నది ఆ ప్రాంతంలో మెడికేర్ బిల్లులు చూసే కాంట్రాక్టర్ నిర్ణయిస్తుంది. టెక్సాస్, న్యూజెర్సీలకు నోవిటాస్, కాలిఫోర్నియాకు నొరిడియన్, జార్జియా, నార్త్ కరోలినాలకు పాల్మెటో చూస్తాయి. సర్జన్ ఆఫీసులో బిల్లింగ్ చూసేవాళ్లను ‘మన ప్రాంతంలో స్లీవ్ కవర్ అవుతుందా, షరతులేమిటి’ అని సూటిగా అడగండి. పొట్టలో పెట్టే బెలూన్‌కి, లాపరోస్కోపీ లేకుండా పొట్ట మీద పెద్ద కోత పెట్టి చేసే స్లీవ్‌కి మెడికేర్ కట్టదు.

ఆసుపత్రికి ప్రత్యేక గుర్తింపు ఉండాలన్న నిబంధనను 2013లో తీసేశారు. అయినా ఆ గుర్తింపు ఉన్న చోటే చేయించుకోమని నా సలహా. పెద్ద వయసులో అనుభవం ఉన్న చేతులు అవసరం.

5. ఆపరేషన్‌కి ముందు సంతకాలు

అడ్వాంటేజ్ ప్లాన్ అయితే సర్జన్ ఆఫీసు అప్రూవల్‌కి పంపుతుంది. 2026 నుంచి మామూలు అభ్యర్థనకి ప్లాన్ 7 రోజుల్లో, అత్యవసరమైతే 72 గంటల్లో జవాబివ్వాలి. మెడికేర్ స్పష్టంగా రాసిన నిబంధనల కంటే కఠినమైనవి ప్లాన్లు సొంతంగా పెట్టకూడదని 2024 నుంచి నియమం ఉంది. ఎక్కడా లేని షరతు చెబితే అది ఏ నిబంధన ప్రకారమో రాసి ఇమ్మనండి.

ఒరిజినల్ మెడికేర్‌లో డాక్టర్‌కి అనుమానం ఉంటే, మెడికేర్ కట్టకపోవచ్చని చెప్పే ఏబీఎన్ అనే నోటీసు మీద సంతకం అడుగుతారు. అందులో మూడు ఆప్షన్లు ఉంటాయి. మొదటిది పెడితే బిల్లు మెడికేర్‌కి వెళ్తుంది, కట్టనని మెడికేర్ అంటే అప్పీలు చేసుకోవచ్చు. రెండోది పెడితే బిల్లు అసలు పంపరు, అప్పీలు హక్కు ఉండదు. మూడోది ఆపరేషనే వద్దని. చదవకుండా సంతకం పెట్టకండి.

6. మీ జేబు నుంచి ఎంత?

2026లో ఆసుపత్రిలో చేరితే పార్ట్ ఎ డిడక్టిబుల్ (మెడికేర్ కట్టడం మొదలుపెట్టే ముందు మీరు కట్టాల్సిన మొత్తం) 1,736 డాలర్లు. పార్ట్ బి డిడక్టిబుల్ 283 డాలర్లు దాటాక సర్జన్, మత్తు డాక్టర్ ఫీజుల్లో 20 శాతం మీది. ఒరిజినల్ మెడికేర్‌కి తోడుగా కొనుక్కునే ప్రైవేటు పాలసీ, మెడిగ్యాప్, ఉంటే దీంట్లో చాలావరకు అది భరిస్తుంది. రాత్రి ఆసుపత్రిలో ఉన్నా కాగితం మీద అవుట్‌పేషెంటుగా రాస్తే ఖర్చు లెక్క మారిపోతుంది. ఏ పద్ధతిలో చేర్చుకుంటున్నారో ముందే అడగండి. తర్వాత జీవితాంతం వేసుకోవాల్సిన విటమిన్ల ఖర్చు మామూలుగా మీదే.

7. కాదంటే

డబ్బు కట్టం అన్న ఉత్తరం వస్తే చాలా కుటుంబాలు అక్కడితో వదిలేస్తాయి. వదలకండి. ఒరిజినల్ మెడికేర్‌లో నోటీసు అందిన 120 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాదంటే 180 రోజుల్లో రెండోది చేయవచ్చు. ఆ పైన న్యాయాధికారి ముందు విచారణ ఉంటుంది. అడ్వాంటేజ్ ప్లాన్‌లో నోటీసు తేదీ నుంచి 65 రోజుల గడువు. ప్లాన్ మళ్లీ కాదంటే ఫైలు దానంతట అదే బయటి సంస్థ పరిశీలనకి వెళ్తుంది.

అప్పీలు ఉత్తరంలో బాధ చెప్పుకోవడం కంటే మూడు షరతులు ఒక్కొక్కటీ రాసి, దాని ఎదురుగా ఏ తేదీ రిపోర్టులో రుజువు ఉందో చూపించండి. సర్జన్ చేత, ఫ్యామిలీ డాక్టర్ చేత వేర్వేరు ఉత్తరాలు రాయించి జతచేయండి. ఇదంతా ఒక్కరే చేసుకోవడం టెన్షన్ అనిపిస్తే, ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత మెడికేర్ సలహా కేంద్రం ఉంది. 1-800-633-4227కి ఫోన్ చేసి మీ రాష్ట్రం షిప్ నంబర్ అడగండి, తెలుగు దుబాసీ కావాలని కూడా అక్కడే చెప్పండి.