చిన్న ట్రాక్టర్ కొనే ముందు – మూడో పాఠం: హెచ్‌పి ఒకటే, బలం వేరు

రెండో పాఠం చివర చెప్పిన పని చేసి ఉంటే మీ దగ్గర ఇప్పటికే ఒక కాగితం ఉండాలి. ట్రాక్టర్‌తో ఏ పనులు చేయిస్తారు, ఏ పనిముట్లు తగిలిస్తారు, వరసల మధ్య ఎడం ఎంత అన్నవి అందులో రాసుకున్నారు. అది రాయకపోతే ముందు రాసి రండి. ఈ పాఠానికి ఒక ఐదెకరాల బత్తాయి తోటను ఉదాహరణగా పెట్టుకుందాం. చెట్ల మధ్య మట్టిని గుల్ల చేసే నాలుగడుగుల రోటవేటర్, సీజన్‌లో బ్లోయర్‌తో మందు కొట్టడం, అప్పుడప్పుడు చిన్న ట్రాలీ, ఇవీ అక్కడి పనులు.

షోరూమ్‌లో ఎవరైనా మొదట చెప్పేది హెచ్‌పి, అంటే ఇంజన్ బలం. మహీంద్రా జీవో 245 డీఐ 24 హెచ్‌పి. కుబోటా నియోస్టార్ బి2441 కూడా 24 హెచ్‌పే. రెండూ ఫోర్ వీల్ డ్రైవ్, వెనక పనిముట్టును పైకెత్తే లిఫ్టూ రెండింటికీ 750 కిలోలే. ఇంతవరకు చూస్తే ధర తక్కువున్నది తీసుకుంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ అదే పాంప్లెట్‌లో కొంచెం కిందికి, పీటీఓ (పనిముట్లను తిప్పడానికి ట్రాక్టర్ వెనక ఉండే షాఫ్ట్) హెచ్‌పి దగ్గరికి రండి. జీవోకి 22 అని, కుబోటాకి 17.4 అని ఉంటుంది. రోటవేటర్నీ బ్లోయర్‌నీ తిప్పేది పీటీఓ షాఫ్టే కాబట్టి మన తోటకు అసలు అంకె ఇదే. ఇంజన్ బలంలో కొంత గేర్లలో, హైడ్రాలిక్ పంపులో ఖర్చయ్యాక మిగిలేది అక్కడికి వస్తుంది.

అయితే వెంటనే జీవోయే గొప్పదని తేల్చేయకండి. కంపెనీ ఆ అంకెను ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మీద ఉండగా కొలిచిందో పాంప్లెట్‌లో అన్నిసార్లూ ఉండదు. రోటవేటర్‌కి పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరగాలి. ఆ 540 రావడానికి ఒక ట్రాక్టర్‌లో ఇంజన్ దాదాపు పూర్తి వేగంతో అరవాలి, ఇంకోదానిలో కాస్త తక్కువ వేగం చాలు. కాబట్టి షోరూమ్ వాళ్లను ఇలా అడగండి: "540 దగ్గర పీటీఓ బలం ఎంత? అప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం ఎంత?" తడుముకుంటే టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి.

ఈ టెస్ట్ రిపోర్ట్ చదవడమే ఈ పాఠంలో అసలు విద్య. మన దేశంలో ట్రాక్టర్లను పరీక్షించే ప్రధాన కేంద్ర సంస్థ మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉంది. వ్యవసాయ యంత్రాల శిక్షణకు, పరీక్షకు ఇలాంటి సంస్థే అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ఉంది, దగ్గర్లో ఉన్నవాళ్లు ఒకసారి వెళ్లి చూడొచ్చు. రిపోర్ట్ పదుల పేజీలుంటుంది, భయపడకండి. మనకు కావలసినవి మూడు చోట్ల దొరుకుతాయి. పీటీఓ పరీక్ష పట్టిక ఒకటి, లిఫ్ట్ పరీక్ష ఒకటి, చివర పరీక్షకులు రాసే వ్యాఖ్యలు ఒకటి. ఆ వ్యాఖ్యల్లో పొగడ్తలు ఉండవు, లోపాలే ఉంటాయి. అందుకే నేను రిపోర్ట్ చివరి పేజీల నుంచే చదవడం మొదలుపెడతాను.

పీటీఓ పట్టికలో బలం కిలోవాట్లలో ఉంటుంది. ఒక హెచ్‌పి అంటే సుమారు 0.735 కిలోవాట్లు. పక్కనే డీజిల్ ఖర్చు, ఒక కిలోవాట్ బలానికి గంటకు ఎన్ని కిలోలు అని ఇస్తారు. దాన్ని లీటర్లలోకి మార్చడం తెలిస్తే మైలేజీ కబుర్లతో మిమ్మల్ని ఎవరూ బోల్తా కొట్టించలేరు. ఊరికే లెక్క కోసం రెండు ట్రాక్టర్లు అనుకోండి, రెండూ 14 కిలోవాట్ల బలం ఇస్తున్నాయి. మొదటిది 0.28 కిలోలు తాగితే 14 × 0.28 = 3.92 కిలోలు. లీటరు డీజిల్ బరువు సుమారు 0.83 కిలోలు కాబట్టి గంటకు 4.7 లీటర్లు. రెండోది 0.31 తాగితే 4.34 కిలోలు, అంటే 5.2 లీటర్లు. తేడా అర లీటరే. కానీ ఏడాదికి 300 గంటలు నడిపితే 150 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన పదిహేను వేలు.

లిఫ్ట్ సంగతికొద్దాం. జాన్ డీర్ 3028 ఈఎన్‌కి 910 కిలోలని ఉంటుంది, స్వరాజ్ టార్గెట్ 630కి 980. ఈ అంకెలు సాధారణంగా కింది లింకుల (పనిముట్టు తగిలించే వెనక చేతుల) కొన దగ్గర కొలిచినవి. మందు ట్యాంకును వెనక తగిలిస్తే దాని బరువు ఆ కొన నుంచి ఇంకా వెనక్కి ఉంటుంది, అక్కడ లిఫ్ట్ అంత మోయలేదు. ట్యాంకు నిండితే ఎంత బరువో, ఆ బరువు లింకుల నుంచి ఎంత దూరంలో పడుతుందో చూసుకుని బేరానికి దిగండి.

రెండు సిలిండర్లు మేలా, మూడు మేలా అని ఊళ్లో పెద్ద వాదనే నడుస్తుంది. రోజంతా మందు కొట్టేవాడికి మూడు సిలిండర్ల ఇంజన్ వణుకు తక్కువగా ఉండి నడుముకు హాయి. దాన్ని బట్టే కొనాలంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఎవరూ అడగని ప్రశ్న ముందు టైర్ల గురించి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనక టైర్ల కొలతలు గేర్ల లెక్కకు సరిపోయేలా పెడతారు. అదే సైజు దొరకలేదని వేరేది వేస్తే గట్టి రోడ్డు మీద ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. టైర్లు అరుగుతాయి, గేర్ల మీదా భారం పడుతుంది. కాబట్టి ఆ సైజు కాగితం మీద రాసుకుని మీ పట్టణంలోని టైర్ల షాపులో అడగండి. తెప్పిస్తాం అంటే ఎన్నాళ్లకు అని కూడా అడగండి. క్లచ్ ప్లేటు, ముందు యాక్సిల్ ఆయిల్ సీల్ గురించి ఇదే ప్రశ్న మెకానిక్‌ను అడగాలి. మహీంద్రా ఓజా ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లోనే తయారవుతాయి, అంతమాత్రాన సామాను మీ మండలంలో దొరుకుతుందనేం లేదు.

ధర విషయంలో ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు ఎవరో కొన్న ధర చెప్పి బేరం ఆడితే మీకే నష్టం. ఇవాళ్టి కొటేషన్ రాయించుకోండి.

ఇంటిపని: ఏవైనా రెండు బ్రాండ్లు ఎంచుకుని 540 దగ్గర పీటీఓ బలం, గంటకు డీజిల్, లిఫ్ట్, మొత్తం వెడల్పు, ముందు టైరు సైజు, మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు, ఇవన్నీ పక్కపక్కన రాయండి. నాలుగో పాఠం మీ తోటలో డెమో గురించి. షోరూమ్ వాళ్లు మామూలుగా తమకు వీలైన రోటవేటరే తెస్తారు. మీరు కొనబోయే సైజుదే తెమ్మని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ట్యాంకు నిండా డీజిల్ మాత్రం మీరే దగ్గరుండి పోయించండి, డెమో అయ్యాక మళ్లీ నింపి కొలవాలి.