మనం వాళ్ళకి గుర్తుండిపోవాలంటే

కొత్తగా ఎవరినైనా కలిసినప్పుడు మనం ఎంత బాగా మాట్లాడామన్నది వాళ్ళు రెండ్రోజుల్లో మర్చిపోతారు గానీ, వాళ్ళు చెప్పింది మనం గుర్తుపెట్టుకున్నామంటే మాత్రం మర్చిపోరు. అందుకే వచ్చేశాక ఫోన్‌లో వాళ్ళ కాంటాక్ట్ ఓపెన్ చేసి నోట్స్‌లో ఒక ముక్క రాసిపెట్టుకోండి, "పాపకి పరీక్షలు", "నాన్నగారికి కంటి ఆపరేషన్" ఇలా. మళ్ళీ కలిసినప్పుడో ఫోన్ చేసినప్పుడో "నాన్నగారికి ఇప్పుడు చూపు ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి, మొహం వెలిగిపోతుంది. అడిగాక జవాబు పూర్తిగా వినాలి, మధ్యలో "మా మావయ్యకీ ఇంతే" అని మన కథ ఎత్తుకున్నామో, అంతా గోవిందా. నమ్మి చెప్పుకున్న డబ్బు ఇబ్బందుల్లాంటివి మాత్రం నలుగురిలో అస్సలు కదపొద్దు. ఇంకోటి, పేరు ఎలా పలకాలో డౌట్ ఉంటే మొదటిరోజే అడిగేయండి, ఆర్నెల్ల తర్వాత అడిగితే బాగోదు.