విశాఖ తీరం నుంచి త్రిశంకు నక్షత్రాలను చూడటం ఎలా?

మే నెల వచ్చిందంటే మా ఇంట్లో రాత్రి భోజనాలు ఎనిమిదికల్లా అయిపోతాయి. తరవాత ఒక చాప, మంచినీళ్ళ సీసా పట్టుకుని బీచ్ రోడ్డు మీదుగా మంగమారిపేట వైపు వెళ్తాం. బొందితో స్వర్గానికి వెళ్ళబోయిన త్రిశంకుణ్ణి ఇంద్రుడు తోసేస్తే, మధ్యలోనే తలకిందులుగా ఆగిపోయాడన్న కథ మనందరం విన్నదే. ఆయన పేరు పెట్టుకున్న నాలుగు చుక్కలు దక్షిణాన నిజంగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో వాటిని సదరన్ క్రాస్ అంటారు. ఢిల్లీలో ఉన్నవాళ్ళకు వాటిలో అడుగు చుక్క నేల అంచు దాటి పైకి రాదు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మనకు నాలుగూ కనిపిస్తాయి. టెలిస్కోప్ అక్కర్లేదు, కళ్ళు చాలు.

ముందు రోజు, వేళ చూసుకోండి

మే మొదటి వారంలో రాత్రి తొమ్మిదిన్నరకు, నెల మధ్యలో తొమ్మిది ప్రాంతంలో, నెలాఖరుకు ఎనిమిదికి త్రిశంకు సరిగ్గా దక్షిణాన నిటారుగా నిలబడుతుంది. వెన్నెల లేని రాత్రి కావాలి. పౌర్ణమి దాటిన ఐదో రోజు నుంచి అమావాస్య తరవాత మూడో రోజు దాకా ఈ వేళల్లో చంద్రుడి ఇబ్బంది ఉండదు. గోడ మీది క్యాలెండర్ చూస్తే తెలిసిపోతుంది.

అసలు చిక్కు మసక. అంత నిటారుగా నిలబడ్డప్పుడు కూడా త్రిశంకు అడుగు చుక్క 9 డిగ్రీలు, పై చుక్క 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది దాదాపు 10 డిగ్రీలు. అంటే మొత్తం బొమ్మ సముద్రం మీద పిడికిలి, పిడికిలిన్నర ఎత్తులో అయిపోతుంది. ఉక్కపోత ఎక్కువగా ఉన్న రోజు గాలిలోని తేమ ఆ కాస్త మేరను మింగేస్తుంది. ఈదురుగాలితో వాన పడి వెలిసిన మర్నాటి రాత్రిని మాత్రం వదులుకోవద్దు. నేను బయల్దేరే ముందు వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో విశాఖ రాడార్ చిత్రం చూస్తాను. పాడేరు, అరకు కొండల మీద మధ్యాహ్నం పుట్టిన మబ్బులు ఇటు దిగుతుంటే ఆ రోజుకు ఇంట్లోనే ఉండిపోతాను.

చోటు

దక్షిణం వైపు సముద్రం మాత్రమే ఉండాలి. ఆర్కే బీచ్‌లోనూ దక్షిణాన సముద్రమే, కానీ దీపాల వెలుగు ఎక్కువ. రుషికొండ దాటాక భీమిలి దారిలో చీకటి బాగుంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి మరబోట్లు రేవులోనే ఉంటాయి. పేపర్లో ఆ వార్త చూసినప్పుడల్లా, మత్స్యకారుల ఇళ్ళలో ఆ రెండు నెలలు ఎలా గడుస్తాయోనన్న దిగులు ముందు కలుగుతుంది. ఆ రోజుల్లో సముద్రం మీద దీపాలు తగ్గి చీకటి పెరిగే మాట కూడా నిజమే. పోర్టు కోసం ఆగిన పెద్ద ఓడల దీపాలు మాత్రం ఉంటాయి. ఒంటరిగా వెళ్ళకండి. రోడ్డుకు దగ్గర్లోనే కూర్చోండి, చీకట్లో నీళ్ళ వైపు పోవద్దు.

ఫోన్ పని ఇంట్లోనే ముగించండి

ఏ వేళకు ఆకాశం ఎలా కనిపిస్తుందో చూపించే స్టెలేరియం యాప్‌లో ఊరు విశాఖపట్నం అని పెట్టి, తేదీ, వేళ మార్చి, దక్షిణం వైపు ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోండి. బీచ్‌లో ఫోన్ దిక్సూచిని గుడ్డిగా నమ్మొద్దు. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ వల్ల నేను ఒకసారి గంటసేపు తప్పు దిక్కు చూస్తూ ఉండిపోయాను. కవర్ తీసేసి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా తిప్పితే సర్దుకుంటుంది. ఆ తరవాత ఫోన్ జేబులో పెట్టేయండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి స్క్రీన్ వెలిగించారా, మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇక ఆకాశంలో దారి

ఉత్తరాన పైన సప్తర్షి మండలం కనిపిస్తుంది. గరిటె కాడలాంటి ఆ మూడు చుక్కల వంపును అలాగే సాగదీసుకుంటూ రండి. నారింజ ఛాయలో మెరిసేది స్వాతి. ఇంకా ముందుకు వస్తే తెల్లగా, కాస్త నీలంగా ఉన్నది చిత్త. ఇప్పుడు దక్షిణానికి తిరిగి నిలబడి చిత్తకు కుడి పక్కన చూడండి, వంకర పలకలా నాలుగు చుక్కలుంటాయి. అదే హస్త. పంచాంగంలో వరసగా చదివే పేర్లు పైన కూడా ఇరుగు పొరుగుగానే ఉంటాయని మొదటిసారి గుర్తించిన రాత్రి నాకు ఒళ్ళు పులకరించింది.

హస్త నుంచి నిలువుగా కిందికి నాలుగు పిడికిళ్ళు దిగండి. గాలిపటం ఆకారంలో నాలుగు చుక్కలు, అదే త్రిశంకు. కుడివైపు ఇంకా దూరంగా ఇలాంటి ఆకారమే మరొకటి ఉంది, అది దీనికన్నా పెద్దది, వెలుగు తక్కువ. అనుమానం వస్తే ఎడమ పక్క చూడండి. అసలు త్రిశంకుకు ఎడమన రెండు ప్రకాశవంతమైన చుక్కలు కావలి ఉన్నట్టు ఉంటాయి. వాటిలో దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారీ, సూర్యుడి తరవాత మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం. అక్కడి వెలుగు మన దాకా రావడానికి నాలుగేళ్ళకు పైగా పడుతుంది.

మధ్యలో చుక్కలు రైలు బోగీల్లా వరసగా పోతుంటే కంగారు పడొద్దు. అవి స్టార్‌లింక్ ఉపగ్రహాలు, 2019 మే నుంచి గుంపులుగా పంపుతున్నారు. వాట్సాప్‌లో ‘ఆకాశంలో వింత’ అంటూ తిరిగే వీడియోల్లో కొన్ని ఇవే.

ఫొటో కావాలంటే చివర్లో తీయండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. మెత్తని గుడ్డతో తుడిచి, ఫోన్‌ను రాయికి ఆనించి, నైట్ మోడ్‌లో మూడు సెకన్ల టైమర్ పెట్టండి.

కిందటి వేసవిలో మా మేనకోడలు పిడికిళ్ళు లెక్కపెట్టుకుంటూ దిగి, “మావయ్యా, ఆ కిందది ఓడ దీపమా, చుక్కా?” అని అడిగింది. కాసేపు చూడమన్నాను. ఓడ దీపం నీటి అంచునే నిలకడగా వెలుగుతూ ఉంది. తను చూపించినది మాత్రం వణుకుతూ, అరగంటలో కొద్దికొద్దిగా కుడికి జరిగింది. “అయితే చుక్కే,” అంది. పై చుక్క ఎర్రగా ఉందని కూడా తనే కనిపెట్టింది.