కిలోమీటర్ల లిమిట్ ఉన్న కార్ ఇన్సూరెన్స్: తీసుకునే ముందు, క్లెయిమ్ ముందు చూసుకోవాల్సినవి

రెన్యూవల్ టైమ్‌కి ఫోన్ చేసే ఏజెంట్లు ఈమధ్య "సార్, బండి ఏడాదికి ఎంత తిరుగుతుంది?" అని అడుగుతున్నారు. తక్కువ చెబితే ప్రీమియం తగ్గుతుందని తెలిసి చాలామంది నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు. ఆ అంకె పాలసీలోకి ఎక్కాక, క్లెయిమ్ రోజున సర్వేయర్ (నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చే వ్యక్తి) మీ మీటర్‌ని దాంతోనే పోల్చి చూస్తాడు.

ముందు ఈ లిమిట్ దేనికి వర్తిస్తుందో చూడండి. తిరిగే కిలోమీటర్లను బట్టి ప్రీమియం కట్టే ఈ 'పే యాజ్ యూ డ్రైవ్' పద్ధతికి 2022 జులైలో ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అనుమతి ఇచ్చింది ఓన్ డ్యామేజ్ భాగానికే. అంటే మీ సొంత బండికి యాక్సిడెంట్, దొంగతనం, మంటలు, వరద వల్ల జరిగే నష్టానికి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండే థర్డ్ పార్టీ కవర్ చట్టప్రకారం తప్పనిసరి, దాని రేటు కేంద్రం ఖరారు చేస్తుంది, మీరు వెయ్యి తిరిగినా ముప్పై వేలు తిరిగినా ఒకటే. 1000 సీసీ దాటి 1500 సీసీ వరకు ఉన్న కారుకు 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు 3,416 రూపాయలు.

కాబట్టి ఏజెంట్ "20 శాతం తగ్గింపు" అన్నప్పుడు అది మొత్తం బిల్లు మీద కాదు. ఉదాహరణకి మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అనుకుంటే మీకు ఆదా అయ్యేది 1,800. ముందు బంపర్, ఒక హెడ్‌లైట్ మార్చి పెయింట్ వేయిస్తే చాలా కార్లకు బిల్లు దీన్ని ఎప్పుడో దాటేస్తుంది. ఆ 1,800 కోసం ఎంత రిస్క్ తీసుకుంటున్నారో చూసుకుని నిర్ణయించుకోండి.

ఇక లెక్క. ఊహించి చెప్పకండి, పాత సర్వీస్ బిల్లులు తీయండి, ప్రతి దాని మీదా మీటర్ రీడింగ్, తేదీ ఉంటాయి, ఏడాది తేడాతో ఉన్న రెండు బిల్లులు పక్కపక్కన పెడితే మీ అసలు వాడకం తేలిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ కారులో వెళ్లొచ్చేవాళ్లకి రోజుకి సుమారు 50 కిలోమీటర్లు, 250 పనిదినాలకి 12,500. వాళ్లకి ఈ పాలసీ దండగ. మెట్రోలో ఆఫీసుకెళ్లి, ఆదివారం మాత్రమే బండి తీసేవాళ్లకి బాగా పనికొస్తుంది. కానీ వాళ్లు కూడా ఊరి ప్రయాణాలు మర్చిపోతారు. సంక్రాంతికి విజయవాడ ఒక్కసారి వెళ్లొస్తేనే 550 దాకా అవుతుంది, మధ్యలో బావమరిది నాలుగు రోజులు బండి తీసుకెళితే అదీ మీ ఖాతాలోనే. వచ్చిన అంకెకి కనీసం ఓ వెయ్యి, రెండు వేలు కలిపి ఆ పైన ఉన్న కిలోమీటర్ల స్లాబ్ తీసుకోండి.

అసలు విషయం, లిమిట్ దాటితే ఏమవుతుంది? ఇది కంపెనీని బట్టి మారుతుంది. కొన్నిట్లో ఓన్ డ్యామేజ్ కవర్ అక్కడితో ఆగిపోతుంది. కొన్ని లిమిట్ పైన కాస్త గ్రేస్ కిలోమీటర్లు ఇస్తాయి. ఇంకొన్ని క్లెయిమ్ ఇస్తాయి కానీ అందులో కొంత శాతం మీరే భరించాలి. ఏజెంట్ "ఏం కాదు సార్" అంటే వినకండి, షరతులన్నీ ఉండే పాలసీ వర్డింగ్స్ పీడీఎఫ్ తెరిచి ఆ క్లాజ్ మీరే చదవండి. అందులో ముఖ్యంగా చూడాల్సింది, కిలోమీటర్లు అయిపోయాక ఆగి ఉన్న బండికి కూడా కవర్ పోతుందా అని. కొన్ని పాలసీలు దొంగతనానికి, మంటలకి మాత్రం కొనసాగిస్తాయి, వరద సంగతి విడిగా అడగాలి. 2020 అక్టోబర్ వానలకి మన సిటీలో బండ్లు ఎక్కడికీ కదలకుండానే మునిగాయి కదా. సెల్లార్‌లో పార్కింగ్ ఉన్నవాళ్లు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు మెయిల్‌లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

అదనపు కిలోమీటర్లు కొనుక్కునే టాపప్ సౌకర్యం ఉంటే లిమిట్‌కి ఇంకో 500 మిగిలి ఉండగానే కొనేయండి. యాక్సిడెంట్ అయ్యాక కొన్న టాపప్ ఆ యాక్సిడెంట్‌కి పనికిరాదు.

పాలసీ మొదలైన రోజున కంపెనీ అడిగినా అడక్కపోయినా మీటర్ ఫొటో తీసి పెట్టుకోండి, బండి నంబర్ కూడా కనిపించే చిన్న వీడియో అయితే ఇంకా మంచిది. మొదలు రీడింగ్ వాళ్ల దగ్గర తప్పుగా నమోదై ఉంటే సరిచేయించడానికి మీ చేతిలో ఉండేది అదే. సర్వీస్ సెంటర్‌లో మీటర్ మార్చాల్సి వస్తే పాత రీడింగ్, కొత్త రీడింగ్ రెండూ జాబ్ కార్డ్ మీద రాయించి ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే మెయిల్ పెట్టండి. మీటర్ వెనక్కి తిప్పించే ఆలోచన మాత్రం వద్దే వద్దు. పాత సర్వీస్ రికార్డులతో పోలిస్తే దొరికిపోతుంది, అప్పుడు లిమిట్ లోపల ఉన్నా క్లెయిమ్ పోతుంది.

దెబ్బ తగిలిందా, బండి కదపకముందే డ్యాష్‌బోర్డ్ ఫొటో తీసి, అదేరోజు కంపెనీకి చెప్పండి. లిమిట్ దాటిందని క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ క్లాజ్ ప్రకారమో, ఏ రీడింగ్ ఆధారంగానో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఫిర్యాదు, నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.